తపసి జిగురు – ఇలియాస్టమీ కథ

పినపాక ప్రాంతపు అడవులలో మాఘ ఫాల్గుణ మాసములందు తిరిగినవారికి ఒక చెట్టు తప్పక కంటబడును. తక్కిన చెట్ల బెరడు నల్లగానో గోధుమవన్నెగానో ఉండగా దీని మాను మాత్రము సున్నము పూసినట్లు తెల్లగా మెరయుచుండును. ఆ కాలమున దానికి ఆకు ఉండదు. రాళ్ళ గుట్టల మీద, మట్టి పలుచగా ఉన్నచోట కూడ అది బ్రతుకును. మనవారు దానిని తపసి చెట్టు అందురు. వృక్షశాస్త్రములో దాని పేరు స్టెర్క్యూలియా యూరెన్స్. యూరెన్స్ అనగా లాటిను భాషలో మండించునది అని అర్థము. దాని కాయల మీది నూగు ఒంటికి తగిలినచో మంట పుట్టును. ఇట్లు మంట పెట్టు చెట్టే మరొక మంటను చల్లార్చుటకు ఉపయోగపడినది. ఆ సంగతి చెప్పుటకే ఈ వ్యాసము.

తపసి మాను మీద గాటు పెట్టినచో తెల్లని జిగురు ఊరి, గాలి తగిలి గట్టిపడి గడ్డలు కట్టును. ఎండకాలమున కోయలు, కొండరెడ్లు ఈ గడ్డలను ఏరి, బెరడు ముక్కలు తీసివేసి అమ్ముకొందురు. ఒకసారి మా కళాశాల విద్యార్థులతో మొక్కల సేకరణకు వెళ్ళినపుడు, చెట్టు క్రింద జిగురు ఏరుచున్న ఒక వృద్ధుడు కనబడెను. "తాతా, ఈ బంక ఎక్కడికి పోతుంది?" అని మా పిల్లవాడొకడు అడిగినాడు. "ఏడికి పోతదో మాకేమెరుక బాబూ! తూకమేస్తరు, పైసలిస్తరు" అని ఆయన నవ్వెను.

పిల్లవాని ప్రశ్న నన్ను వదలలేదు. ఆ జిగురు పోవు తావులు అనేకములు. అందులో ఒకటి మాత్రము మనిషి పొట్ట మీది చర్మము. ప్రేవు కొంత తీసివేయబడి, మలము పోవు దారి మారిపోయినవారికి ఈ జిగురు ఒక కాలమున పెద్ద ఆసరా అయినది. ఆ శస్త్రచికిత్సను ఇలియాస్టమీ అందురు. చిన్నప్రేవు చివరి భాగమునకు ఇలియమ్ అని పేరు. దాని కొనను పొట్ట గోడ గుండా బయటికి తీసి, అక్కడ ఒక ద్వారమును ఏర్పరచుటయే ఇలియాస్టమీ. ఆ ద్వారమునకు స్టోమా అని పేరు. గ్రీకు భాషలో స్టోమా అనగా నోరు.

ప్రేవులలో నీటి లెక్క

ఈ చికిత్స వలన వచ్చు చిక్కులు తెలియవలెనన్న ముందు మన ప్రేవులలో జరుగు నీటి లెక్కను చూడవలెను. రోజుకు మనము త్రాగు నీరు, తిను పదార్థములలోని నీరు కలిపి సుమారు 2 లీటర్లు. లాలాజలము, జఠరరసము, పైత్యరసము, క్లోమరసము, ప్రేవు గోడల నుండి ఊరు రసము కలిపి మరి 7 లీటర్లు. అనగా రోజుకు 9 లీటర్ల ద్రవము మన అన్నమార్గములోనికి చేరుచున్నది. ఇందులో చాల భాగమును చిన్నప్రేవే పీల్చుకొనును. సుమారు లీటరున్నర మాత్రము పెద్దప్రేవులోనికి పోవును. అక్కడ అదియు పీల్చబడి, చివరకు మలములో మిగులు నీరు 100 నుండి 200 మిల్లీలీటర్లే.

పెద్దప్రేవు నీటితోపాటు ఉప్పును కూడ పొదుపు చేయును. లెక్కల పుస్తకము చేతబట్టుకొని ఇంటి వెనుక గుమ్మము వద్ద కూర్చున్న పెద్దమనిషి వంటిది అది. ఇంటిలోనిది ఏదియు వృథాగా బయటికి పోనీయదు. ఆ పెద్దమనిషే లేకపోయినచో ఏమగును? ఇలియాస్టమీ జరిగినవారి కథ అంతయు ఈ ప్రశ్నకు జవాబే.

తొలి ప్రయత్నములు

ప్రేవుల మీద కత్తి పెట్టుట మన దేశమునకు క్రొత్త కాదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానములో ప్రేవు మూసుకొనిపోయిన రోగమునకును, ప్రేవుకు చిల్లి పడిన రోగమునకును శస్త్రక్రియ చెప్పబడినది. బొడ్డు క్రింద ఎడమ ప్రక్కగా కోసి, ప్రేవును నాలుగు అంగుళముల మేర బయటికి తీసి పరీక్షించి, అడ్డమును తొలగించి, తేనె, నెయ్యి పూసి లోపల పెట్టి కుట్టవలెనని దానిలో ఉన్నది. చిల్లి పడినచోట నల్ల చీమలచేత కరిపించి, తలలు మాత్రము ఉంచి దేహములను త్రుంచివేయవలెనని కూడ చెప్పబడినది. చీమ పట్టు కుట్టుగా పనిచేయునన్న మాట. అయితే ప్రేవును బయటనే ఉంచి అక్కడ శాశ్వతముగా దారి చేయుట అందులో లేదు.

ఆ ఆలోచన ఐరోపాలో పుట్టినది. మలద్వారము లేకుండ పుట్టి మరణించిన ఒక శిశువును పరీక్షించిన ఫ్రెంచి వైద్యుడు అలెక్సిస్ లిట్రే, ఇట్టివారికి ప్రేవును పొట్ట మీద తెరచినచో బ్రతుకుదురేమో అని 1710లో సూచించెను. 1776లో పిలోర్ అను వైద్యుడు ప్రేవు మూసుకొనిపోయిన ఒక సారా వర్తకునికి పెద్దప్రేవు మొదటి భాగమును తెరచెను. అడ్డమును బలవంతముగా త్రోయుటకై అంతకు ముందే రోగిచేత పాదరసము త్రాగించియుండిరి. శస్త్రచికిత్స బాగుగనే జరిగినను, ఆ పాదరసము వలన ప్రేవు చెడి రోగి కొద్ది వారములలో మరణించెను. 1793లో డ్యురే అను వైద్యుడు ఒక పసికందుకు పెద్దప్రేవును ఎడమ ప్రక్కన తెరచెను. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై 45 సంవత్సరములు బ్రతికెను.

ఇవన్నియు పెద్దప్రేవుకు సంబంధించినవి. చిన్నప్రేవును బయటికి తీయుట 1879లో జర్మన్ శస్త్రవైద్యుడు బౌమ్ చేసెను. రోగి దక్కలేదు. 1883లో వియన్నాలో మేడల్ చేసిన చికిత్స ఫలించినది. 1913లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున జాన్ యంగ్ బ్రౌన్ పదిమంది రోగుల అనుభవమును ప్రకటించెను. ఆయన ఇలియమ్ కొనను పొట్ట మీద కొన్ని సెంటీమీటర్లు బయటికి వచ్చునట్లు నిలిపి, దానిలో రబ్బరు గొట్టము కట్టెను. రోగముతో పుండ్లు పడిన పెద్దప్రేవుకు విశ్రాంతి ఇచ్చుట ఆయన ఉద్దేశము.

ఆ కాలమున పెద్దప్రేవు పుండ్ల వ్యాధితో రక్తవిరేచనములై కృశించిపోవువారికి ఇది చివరి ఆశ. అయినను చాలమంది వైద్యులు దీనిని చేయుటకు వెనుదీయుచుండిరి. ఎందుకనగా కత్తి పని ముగిసిన తరువాతనే అసలు కష్టము మొదలగుచుండెను. రోగిని పీడించినవి రెండు. ఒకటి చర్మము, రెండవది ఉప్పు.

చర్మము మీద మంట

పెద్దప్రేవు నుండి వచ్చునది గట్టిగా ఉండును. దాని వలన చర్మమునకు అంత హాని లేదు. చిన్నప్రేవు నుండి వచ్చునది పలుచని జావ. అందులో క్లోమరసపు కిణ్వములు ఇంకను పని చేయుచునే ఉండును. అవి మాంసకృత్తులను జీర్ణము చేయునవి. మన చర్మము కూడ మాంసకృత్తులతో కట్టబడినదే గదా! అవి పప్పును, గ్రుడ్డును జీర్ణము చేసినట్లే చర్మమును కూడ జీర్ణము చేయ మొదలుపెట్టును. స్టోమా చుట్టు చర్మము ఎఱ్ఱబారి, పొక్కి, నెత్తురు చిమ్మును. ఆ పచ్చి పుండు మీద సంచి అంటదు. సంచి అంటనందున మరల కారును. కారుటవలన పుండు పెరుగును. ఈ చక్రము నుండి బయటపడలేక రోగులు మంచము మీద బోర్లపడుకొని, పొట్ట క్రింద పాత్ర పెట్టుకొని రోజులు గడిపిన కాలము ఉండెను.

ఇందుకు మొదటి ఉపాయము ఒక రోగి నుండియే వచ్చినది. షికాగో నగరములో ఆల్‌ఫ్రెడ్ స్ట్రాస్ అను శస్త్రవైద్యుని వద్ద ఇలియాస్టమీ చేయించుకొన్న కోయెనిగ్ రసాయనశాస్త్ర విద్యార్థి. తన బాధను తానే తీర్చుకొనదలచి, రబ్బరు పాలతో చేసిన బంకతో చర్మమునకు అంటు రబ్బరు సంచిని అతడు రూపొందించెను. రుట్‌జెన్ అను ఆయన దానిని తయారు చేసి అమ్మెను. కోయెనిగ్–రుట్‌జెన్ సంచి అని అది 1940ల నాటికి పేరు పొందినది. ఇలియాస్టమీ జరిగినవారు లేచి నడచి, పనికి పోగలుగుట దీనితో మొదలైనది. అయితే చర్మము ముందే పుండుపడి తడిగా ఉన్నచో ఈ బంక కూడ పట్టదు. తడి చర్మమునకు కూడ అంటుకొనునది ఏదైనను కావలెను.

ఇక్కడనే మన తపసి జిగురు కథలోనికి వచ్చుచున్నది. ఇరవయ్యవ శతాబ్దపు మొదటి దశాబ్దములలో పర్షియా నుండి వచ్చు ట్రాగకాంత్ అను ఖరీదైన జిగురుకు బదులుగా భారతదేశపు తపసి జిగురు పాశ్చాత్య దేశములకు ఎగుమతి కాసాగెను. వర్తకములో దాని పేరు కరాయా. దానిని మెత్తగా పొడి చేసి, కట్టుడు పండ్లు చిగుళ్ళకు అంటి ఉండుటకు వాడుచుండిరి. నోటిలో ఎప్పుడును తడియే గదా! తడిలో అంటుకొనుటయే దాని గుణము. అమెరికాలో ఒహయో రాష్ట్రపు క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో శస్త్రవైద్యుడైన రూపర్ట్ టర్న్‌బుల్ 1950ల మొదట ఈ పొడి స్టోమా చుట్టు ఉన్న తడి చర్మము మీద కూడ నిలుచునని గుర్తించెను. తరువాత ఆ పొడిని గ్లిసరిన్‌తో కలిపి ముద్దగాను, వలయములుగాను చేసి వాడుట మొదలైనది. ఆ వలయము చర్మమునకును సంచికిని నడుమ గోడవలె నిలిచి, జీర్ణరసము చర్మమును తాకకుండ అడ్డుకొనెను. దాని క్రింద పుండు మానిపోవుచుండెను.

జిగురులోని రహస్యము

తపసి జిగురు రసాయనికముగా పెద్ద చక్కెర గొలుసు. గెలాక్టోజ్, రామ్నోజ్ అను చక్కెరలు, గెలాక్ట్యురోనిక్, గ్లూక్యురోనిక్ ఆమ్లములు దానిలో అల్లుకొని ఉన్నవి. వాటికి అసిటైల్ సముదాయములు అంటి ఉండును. అందువలన ఈ జిగురు నీటిలో పంచదారవలె కరిగిపోదు. నీటిని పీల్చి తన పరిమాణమునకు అనేక రెట్లు ఉబ్బును. చర్మము మీద ఊరిన చెమ్మను తానే త్రాగివేసి జిగటగా మారి అక్కడనే పట్టుకొనును. మరియొక మేలు కూడ కలదు. ఆరోగ్యమైన చర్మము కొంచెము ఆమ్లగుణము కలది. ఈ జిగురు నీటి మిశ్రమపు పి.హెచ్. కూడ 4.5 సమీపమున ఉండును. కావున అది చర్మమునకు పరాయిది కాదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. రెండు గాజు గ్లాసులలో సమానముగా నీరు పోసి, ఒకదానిలో ఒక చెంచా పంచదార, రెండవదానిలో ఒక చెంచా తపసి జిగురు పొడి వేయుడు. మరునాటికి మొదటిదానిలో ఏమియు కనబడదు. రెండవదానిలో పొడి ఉబ్బి గ్లాసులో చాల మేర ఆక్రమించును. చాలకాలము నిలువ ఉన్న పొడి డబ్బా మూత తీసి వాసన చూచినచో పులిసిన వాసన తగులును. అది అసిటైల్ సముదాయముల నుండి వెలువడిన అసిటిక్ ఆమ్లపు వాసన, అనగా వెనిగర్ వాసన.

చొక్కా చేతి మడత

జిగురు చర్మమును కాపాడినది. కాని స్టోమా కూడ బాగుండవలెను గదా! ఆ కాలమున చికిత్స జరిగిన కొద్ది రోజులకు అనేకమందికి బయట నిలిపిన ప్రేవు వాచి, దారి ఇరుకై, కడుపు నొప్పి వచ్చుచుండెను. ఆపైన లీటర్ల కొలది నీరు పోవుచుండెను. దీనికి కారణము ప్రేవు వెలుపలి పొర. లోపలి పొర జీర్ణరసములకు అలవాటు పడినది. వెలుపలి పొరకు ఆ అలవాటు లేదు. బయటపడి రసములో తడియుటవలన అది వాచి గట్టిపడుచుండెను. టర్న్‌బుల్, ఆయన సహచరుడు క్రైల్ ఈ కారణమును 1954లో వివరించిరి.

అంతకు రెండేండ్ల ముందే, 1952లో, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున బ్రయన్ బ్రూక్ ఒక చిన్న మార్పును ప్రకటించెను. మనము చొక్కా చేయి అంచును వెనుకకు మడచినట్లు, బయటికి తీసిన ప్రేవు కొనను వెనుకకు మడచి చర్మమునకు కుట్టివేయుటయే ఆ మార్పు. ఇట్లు చేసినచో బయటికి కనబడునది లోపలి పొరయే. వాపు రాదు. పైగా స్టోమా రెండు మూడు సెంటీమీటర్లు ముక్కువలె ముందుకు పొడుచుకొని ఉండును. మన ఇండ్ల చూరు నుండి నీరు గోడను తడుపకుండ దూరముగా పడినట్లు, జావ చర్మమును తాకక నేరుగా సంచిలో పడును. ఈనాటికిని ప్రపంచమందంతట ఇలియాస్టమీ ఈ పద్ధతినే చేయుచున్నారు.

రోగులే గురువులు

చికిత్స కుదిరినది, జిగురు దొరికినది. వీటిని వాడుట ఎవరు నేర్పుదురు? శస్త్రవైద్యునికి తీరిక లేదు, రోగికి తెలియదు. ఒహయోలోని ఆక్రన్ నగరమునకు చెందిన నార్మా గిల్ అను గృహిణికి పెద్దప్రేవు పుండ్ల వ్యాధి వచ్చి, 1954లో టర్న్‌బుల్ చేత ఇలియాస్టమీ జరిగినది. ఆమె కోలుకొని, తనవంటి ఇతరులకు తానే సంచి పెట్టుట, చర్మమును కాపాడుకొనుట నేర్ప మొదలిడెను. 1958లో టర్న్‌బుల్ ఆమెను క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో పనికి పిలిచెను. 1961లో వారిరువురు కలిసి ఈ విద్యను నేర్పు మొదటి పాఠశాలను ప్రారంభించిరి. స్టోమా సంరక్షణ ఒక ప్రత్యేకమైన నర్సు వృత్తిగా ఎదుగుటకు అదియే మూలము.

రోగుల సంఘములు కూడ ఆ కాలముననే పుట్టినవి. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో 1951లో ఏర్పడిన సంఘమునకు వార్డుల పేర్లను బట్టి క్యూ.టి. అని పేరు పెట్టిరి. బ్రిటనులో 1956లో ఇలియాస్టమీ సంఘము ఏర్పడినది. డెన్మార్కులో ఎలీస్ సోరెన్‌సెన్ అను నర్సు, శస్త్రచికిత్స తరువాత సంచి కారునను భయముతో ఇల్లు కదలని తన చెల్లెలిని చూచి, అంటుకొని ఉండి వాడిన పిమ్మట పారవేయదగు పలుచని సంచిని 1954లో ఊహించెను. ప్లాస్టిక్ సంచుల తయారీదారు ఒకరు దానిని నిజము చేసెను. గమనించుడు. ఈ చరిత్రలో ముందడుగు పడిన ప్రతి చోట ఎవరో ఒకరు రోగి ఇంటికి తిరిగివెళ్ళిన తరువాత ఎట్లున్నాడని అడిగిరి.

ఉప్పు లెక్క

ఇక రెండవ చిక్కు, ఉప్పు. ఇలియాస్టమీ జరిగిన క్రొత్తలో రోజుకు లీటరు, లీటరున్నర జావ పోవచ్చును. శరీరము ఊరకుండదు. కొన్ని వారములలో చిన్నప్రేవు మునుపటికంటె ఎక్కువగా నీటిని, ఉప్పును పీల్చుట నేర్చుకొనును. జావ చిక్కబడి రోజుకు 500 నుండి 800 మిల్లీలీటర్లకు దిగును. మూత్రపిండములు కూడ సాయపడి, మూత్రములో ఉప్పును పోనీయక నిలుపును. అయినను నష్టము పూర్తిగా పోదు. ఈ జావలో లీటరుకు సుమారు 120 మిల్లీమోల్‌ల సోడియము ఉండును. రోజుకు 600 మిల్లీలీటర్లు పోయినచో అది 4 గ్రాముల వంట ఉప్పుకు సమానము. విద్యార్థులు ఈ లెక్కను తామే కట్టి చూడవచ్చును.

నా వద్ద చదివిన ఒక విద్యార్థి తండ్రికి కొన్నేండ్ల క్రిందట ఈ చికిత్స జరిగినది. ఇంటికి వచ్చిన తరువాత ఆయన పెండ్లిండ్లకు పోవుట మానెను. నీరు త్రాగినచో సంచి నిండునని భయపడి నీరు తగ్గించెను. మే నెల వచ్చినది. కొత్తగూడెము, మణుగూరు ప్రాంతములలో ఆ నెలలో ఎండ 45 డిగ్రీలు దాటు రోజులుండును. చెమటలో ఉప్పు పోయెను, సంచిలో ఉప్పు పోయెను. ఒకనాడు పిక్కలు పట్టుకొనిపోయి, కండ్లు తిరిగి, వాకిట్లో పడిపోయెను. అది తెలిసినవారు మంచినీళ్ళు కడవలకొలది త్రాగించిరి. సంచి మరింత పలుచగా నిండసాగెను, నీరసము తగ్గలేదు. తరువాత డాక్టరుగారు ఓ.ఆర్.ఎస్. ద్రావణము కొంచెము కొంచెముగా త్రాగించి, ఆపైన సంగతి విప్పి చెప్పినారట. ఇంత చిన్న సంగతి మొదటనే తెలిసియున్నచో ఆ గండము తప్పియుండును.

మంచినీళ్ళు ఎందుకు చాలలేదు? 1960లో రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు, చిన్నప్రేవు గోడలో గ్లూకోజును, సోడియమును జంటగా లోనికి చేర్చు ఏర్పాటు కలదని ప్రతిపాదించెను. ఆ రెండును కలిసి లోనికి పోవును, వాటి వెంట నీరు పోవును. ఉప్పు లేని నీరు ఎక్కువగా త్రాగినచో, చిన్నప్రేవు పై భాగమున ప్రేవు గోడల నుండియే ఉప్పు ఆ నీటిలోనికి వచ్చి చేరును. ఆ రెండును కలిసి సంచిలో పడును. త్రాగినకొలది పోవుట ఇందువలననే. కావున స్టోమా నుండి ఎక్కువగా పోవుచున్నపుడు దప్పికకు మందు ఉప్పు, గ్లూకోజు కలిసిన నీరు.

ఈ సూత్రమే వేరొక చోట లక్షలమందిని బ్రతికించినది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరమున కలరా వ్యాపింపగా, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి రోగులచేత, వారి బంధువులచేత వాడించెను. నూటికి 30 వరకు ఉన్న మరణములు 4 లోపునకు తగ్గినవి. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన ఓ.ఆర్.ఎస్. పొట్లములో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియము క్లోరైడు, 2.9 గ్రాముల సోడియము సిట్రేటు ఉండును. మన మందుల దుకాణములలో దొరకు పొట్లము ఇదియే. దానిమీద వ్రాసినంత నీటిలోనే కలుపవలెను, ఎక్కువ తక్కువలు పనికిరావు.

భోజనము సంగతి

ఇలియాస్టమీ జరిగినవారికి వేరే వంట అక్కరలేదు. మొదటి కొన్ని వారములు మెత్తని అన్నము, ఉప్పు వేసిన గంజి, పలుచని పప్పు, పెరుగు, అరటిపండు మేలు. అన్నము, అరటిపండు జావను చిక్కబరచును. మన ఇండ్లలోని ఉప్పు వేసిన మజ్జిగ, గంజి వారికి మంచి పానీయములే. ఆ తరువాత ఒక్కొక్క పదార్థమును కొంచెముగా తిని చూచుకొనవలెను.

జాగ్రత్త పడవలసినది పీచు విషయమున. స్టోమా దారి ఇరుకు కనుక, నమలని పీచు ఉండగా చుట్టుకొని అడ్డుపడును. తాటి తేగలు, మునగకాయ పిప్పి, పచ్చికొబ్బరి, మొక్కజొన్న గింజలు, లేత వెదురు మొలకలు ఇట్టివి. తినవలెనన్న కొంచెము తిని బాగుగా నమలవలెను. కడుపు నొప్పి వచ్చి స్టోమా నుండి ఏమియు రానిచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. ఇంకొక సంగతి. బి12 విటమిన్, పైత్య లవణములు ఇలియమ్ చివరి భాగమున పీల్చబడును. ఆ భాగము ఎక్కువగా తీసివేయబడినవారికి బి12 సూదిమందు కావలసి వచ్చును. అది వైద్యుడు రక్తపరీక్ష చేసి నిర్ణయించును.

జిగురు తరువాత

తపసి జిగురు వలయములకు ఒక లోపము కలదు. వేడికి, పలుచని జావకు అవి త్వరగా కరిగిపోవును. పచ్చి పుండు మీద దాని ఆమ్లగుణము కొంత చురుక్కుమనిపించును. 1970లలో జెలటిన్, పెక్టిన్, సెల్యులోజ్ పదార్థములతో చేసిన క్రొత్త పలకలు వచ్చినవి. విచిత్రమేమనగా అవి కూడ మొదట నోటి పుండ్ల కొరకు చేసినవే. ఇప్పుడు ఎక్కువగా వాడునవి అట్టివియే. కరాయా కలిసిన వస్తువులు కొన్ని మిగిలియున్నవి. శస్త్రచికిత్స కూడ ముందుకు సాగెను. స్వీడనులో నీల్స్ కాక్ 1969లో పొట్ట లోపలనే ప్రేవుతో సంచి కట్టు పద్ధతిని ప్రకటించెను. 1978లో లండనులో పార్క్స్, నికల్స్ చిన్నప్రేవుతో సంచి చేసి మలద్వారమునకే కలుపు పద్ధతిని ప్రకటించిరి. కొందరికి శాశ్వత స్టోమా అక్కర లేకపోయినది. అయితే ఇవన్నియు నిలిచినది బ్రూక్ మడత, కరాయా వలయము వేసిన పునాది మీదనే.

మన కర్తవ్యము

ఇది ఎక్కడో దూరదేశపు రోగము కాదు. మన దేశములో టైఫాయిడ్ వలనను, ప్రేవుల క్షయ వలనను చిన్నప్రేవుకు చిల్లి పడుట కలదు. అట్టి అపాయ సమయమున ప్రాణము కాపాడుటకు శస్త్రవైద్యులు తాత్కాలికముగా ఇలియాస్టమీ చేయుదురు. కొన్ని నెలల తరువాత ప్రేవును తిరిగి లోపల కలుపుదురు. కాచిన నీరు, శుభ్రమైన మరుగుదొడ్డి, సకాలమున క్షయకు మందు, ఇవి ఉన్నచో వీరిలో చాలమందికి ఆ అవసరమే రాదు. వచ్చినవారిని వెలివేసినట్లు చూచుట మన తప్పు. సంచి గలవాడు పొలము దున్నగలడు, బడిలో పాఠము చెప్పగలడు, పెండ్లి చేసుకొనగలడు. పంక్తిలో మన ప్రక్కన కూర్చుండి భోజనము చేయగలడు. నా విద్యార్థి తండ్రి ఇప్పుడు పెండ్లిండ్లకు పోవుచున్నాడు. జేబులో ఓ.ఆర్.ఎస్. పొట్లము మాత్రము మరువడు.

చెట్టు సంగతి కూడ చెప్పవలెను. గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టినచో తపసి చెట్టు కొన్నేండ్లలో ఎండిపోవును. ఈ విధముగా అనేక చెట్లు నశించినవి. 1956లో విశాఖపట్నము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈ జిగురును కొనుచు వచ్చెను. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు వేరు సంస్థ ఏర్పడినది. పదునైన చిన్న పనిముట్టుతో పలుచగా బెరడు చెక్కి, గాయము మానువరకు చెట్టుకు విశ్రాంతి ఇచ్చు పద్ధతిని సేకరణదారులకు నేర్పుట కూడ జరిగినది. ఆ పద్ధతిలో చెట్టు బ్రతుకును, జిగురు శుభ్రముగా వచ్చును, ధర కూడ మెరుగగును. బెరడు కోసినవాడు గాయము మానువరకు చూడవలెను. కడుపు కోసినవారు నేర్చుకొన్న పాఠము కూడ ఇదియే.

ఈసారి పినపాక వైపు వెళ్ళినపుడు ఆ వృద్ధుడు కనబడినచో మా పిల్లవాని ప్రశ్నకు నేనే జవాబు చెప్పదలచినాను. "తాతా, నువ్వు ఏరిన బంక ఎక్కడో ఒకరి కడుపు మీద మంట ఆర్పింది" అని.